పేరును బట్టి తీర్పు: మన నామచరిత్రము



తెలుగుబాసలో "పేరు" అను రెండక్షరముల పదమునకు రెండర్థములు గలవు. తల్లిదండ్రులు బిడ్డకు బెట్టునదియు పేరే. ఆ బిడ్డ పెరిగి పెద్దయై లోకమున సంపాదించుకొనునదియు పేరే. "పేరు పెట్టిరి" యన్నపుడు మొదటి యర్థము, "పేరు తెచ్చుకొనెను" అన్నపుడు రెండవ యర్థము స్ఫురించును. మొదటిది తొట్టెలోనున్నపుడే యుచితముగా లభించును. రెండవది జీవితమంతయు గష్టించినగాని లభింపదు. న్యాయముగా జూచినచో మనుష్యుని రెండవ పేరును బట్టి తూచవలెను. కాని లోకము తొందరపాటు గలది. మొదటి పేరు చెవిని బడినతోడనే రెండవ పేరును దానే యూహించుకొని తీర్పు చెప్పివేయును. ఈ తొందరపాటు తీర్పువలన మనవారు పడిన బాధలెట్టివి, దానిని ద్రిప్పుటకు మన పెద్దలు చేసిన యత్నము లెట్టివి, వానిలో ఫలించినవేవి, మనకు మిగిలిన పని యేది యను విషయములను నేరేడ్‌మెట్టున గూడిన యీ మహాజనుల యెదుట విన్నవించుటయే యీ వ్యాసోద్దేశము.

ఒకే దేవుడు, పెక్కు పిలుపులు

మన గ్రామములలో శ్రీరాముని పేరు పెట్టుకొనని కులము లేదు. అయినను ఆ యొక్క పేరే రాముడు, రామిగాడు, రామయ్య, రామారెడ్డి, రామారావు, రామశాస్త్రి యని పెక్కు విధముల మారుచుండును. దైవ మొక్కడే; భేదమంతయు చివర జేరిన మాటలోనే యున్నది. ఆ చివరిమాట విన్నవెంటనే, వచ్చినవానికి బల్ల చూపవలెనా, చాప పరవవలెనా, వాకిటనే నిలుపవలెనా యని వినువాడు మనసున నిశ్చయించుకొనుచుండెను. వచ్చినవాడు రెండుమాటలు పలుకకమునుపే యతని బుద్ధియు, శుచియు, నమ్మకమును నిర్ణయమైపోవుచుండెను.

జాగీర్ల కాలపు తెలంగాణమున ఇంటిలో భార్యాబిడ్డలకు మల్లయ్యయైన మనుష్యుడు గడీవాకిట నిలిచినపుడు "మల్లిగా" యయ్యెడివాడు. ఎల్లమ్మ "ఎల్లీ" యయ్యెడిది. డెబ్బదియేండ్ల వృద్ధునైనను దొరబిడ్డ యట్లే పిలిచెడివాడు. ఆ వృద్ధుడు దొరబిడ్డను బేరుపెట్టి పిలిచినచో మాత్రము అది మహాపరాధము. పేరును గుదించుట మనిషిని గుదించుటయేయని పిలిచినవానికిని దెలియును, పలికినవానికిని దెలియును.

ఇది వాడుకమాత్రమేయనుకొనుటకు వీలులేదు. శాస్త్రమున గూడ వ్రాయబడినది. మనుస్మృతి రెండవ యధ్యాయమున 31, 32 శ్లోకములు నామకరణవిధిని జెప్పుచున్నవి. బ్రాహ్మణుని పేరు మంగళమును, క్షత్రియుని పేరు బలమును, వైశ్యుని పేరు ధనమును దెలుపవలెననియు, శూద్రుని పేరు జుగుప్సను దెలుపవలెననియు మొదటి శ్లోకభావము. శూద్రుని పేరున దాస్యమును సూచించు మాట యుండవలెనని రెండవ శ్లోకభావము. నాలుగు వర్ణములకు వెలుపల నుంచబడిన మనవారి ప్రసక్తియే యచ్చట లేదు. పేరు వినువాని చెవిలో నెంతపని చేయునో ఆ శాస్త్రకర్త చక్కగ నెరుగును. బిడ్డ నడక నేర్వకమునుపే వానిపై తీర్పు వ్రాసియుంచుటకు పేరుకన్న సులభమైన సాధనము వేరొకటి లేదు.

అయితే హీనముగ వినబడు ప్రతి పేరును పరులు పెట్టినదే యనుకొనరాదు. కన్న బిడ్డలు దక్కక దుఃఖించిన తల్లిదండ్రులు ఆపై పుట్టిన బిడ్డను పెంటకుప్పపై దొర్లించి పెంటయ్య, పెంటమ్మ యనియు, పుల్లివిస్తరిలో బరుండబెట్టి పుల్లయ్య యనియు, తవుడునకు మారుగ నిచ్చి పుచ్చుకొని తవిటయ్య యనియు, బిచ్చమెత్తి భిక్షమయ్య యనియు బేర్లు పెట్టుట తెలుగునాట పూర్వాచారము. ఇంత తక్కువ పేరుగల బిడ్డవంక మృత్యువు కన్నెత్తి చూడదని వారి నమ్మకము. ఈ యాచారము పెక్కు కులములలో నుండెను. ఆ పేరు వెనుక నెంత దుఃఖము, ఎంత ప్రేమ! కాని పాఠశాలలో హాజరుపట్టీ చదువునపుడు పెంటయ్య యను పేరు వినగానే తోటిబాలురు నవ్వుదురు. తల్లి తలచినది బిడ్డ యాయువును. బాలురు తలచునది పెంటకుప్పను. పేరు పెట్టినవాని మనస్సు పేరు విన్నవానికి దెలియదు. విన్నవాడు తన మనస్సులోనున్న దానినే యా పేరునకు బూసి, అదియే ఎదుటివాని గుణమని భ్రమించును. పేరును బట్టి చేయు తీర్పులన్నిటికిని ఈ భ్రమయే మూలము.

జాతికి పరులు పెట్టిన పేర్లు

వ్యక్తి పేరుకన్న బరువైనది జాతి పేరు. తెలుగువారి యింటిపేర్లలో పెక్కులు గ్రామనామములు. ఒకే యింటిపేరు పలు కులములలో గానవచ్చును. అందుచే నింటిపేరు విన్నంతమాత్రమున సందేహము తీరనివారు "మీరేమిటివారు?" అని మరియొక ప్రశ్న వేయుదురు. అంతవరకు నవ్వుచు మాటలాడినవాడు ఆ ప్రశ్నకు సమాధానము విన్నపిదప గ్లాసు మార్చుట, మంచము జరుపుట మన పెద్దలలో ననుభవింపనివారు లేరు.

ప్రభుత్వ పత్రములును ఈ తీర్పులకు దోడ్పడినవి. మద్రాసు రాజధానిలో 19వ శతాబ్దాంతమునను 20వ శతాబ్దారంభమునను మనవారిని "పంచములు" అని వ్రాయుచుండిరి. అయిదవవారని దాని యర్థము. నాలుగు వర్ణములను లెక్కించి, లెక్క ముగిసినపిదప మిగిలినవారని యొక మహాజనసమూహమును బేర్కొనుట యెంత యవమానకరమో వేరుగ జెప్పనక్కరలేదు. ఆ పేరున మనకొక వృత్తిలేదు, ఒక యూరులేదు, ఒక చరిత్రలేదు, సంఖ్యమాత్రమే యున్నది.

స్త్రీలకు బెట్టిన పేర్లు మరింత క్రూరములు. జోగిని, బసివి, మాతంగి యను మాటలలో నొకటి బాలిక పేరునకు జేరినచో ఆమె జీవితమంతయు నా మాటతోనే తేలిపోయెడిది. ఆ పిల్ల చదువునకు దగినదా, పెండ్లికి దగినదా యని యడుగువారే లేకుండిరి. ఆ యొక్క శబ్దమే తీర్పు. ఆంధ్రప్రదేశమున దేవదాసీ సమర్పణను నిషేధించు చట్టము 1988లో వచ్చువరకును, అటుపిమ్మటను గూడ, ఆ శబ్దములు వెంటాడిన కుటుంబము లెన్నియో గలవు.

భాగయ్యనుండి భాగ్యరెడ్డివర్మ వరకు

ఈ పేర్లపై దిరుగబడిన తెలుగువారిలో ప్రథమగణ్యుడు మన హైదరాబాదు నగరవాసి మాదరి భాగ్యరెడ్డివర్మగారు. 1888వ సంవత్సరము మే నెల 22వ తేదీన జన్మించిన యాయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. వారి కుటుంబగురువు ఈ బాలుని భాగ్యరెడ్డి యని పిలువవలెనని చెప్పెను. రెడ్డి శబ్దము "రేడు" అనగా పాలకుడను మాటనుండి వచ్చినదనియు, నేడు అంటరానివారని త్రోయబడినవారే పూర్వమీ దేశము నేలినవారనియు ఆ గురువు వాదము. 1913లో ఆర్యసమాజమువారు ఆయన సేవను మెచ్చి "వర్మ" బిరుదము నొసంగిరి. ఇట్లు భాగయ్యగారు భాగ్యరెడ్డివర్మగారైరి.

ఆ వ్యుత్పత్తిని గూర్చి పండితులు తమలో దాము వాదించుకొనవచ్చును. మనము గమనింపవలసినది వేరు. వాడలో బుట్టిన బాలునకు పాలకుల పేరు పెట్టుటతో, పేరు విని తీర్పుచెప్పువారి లెక్క తారుమారైనది. పేరు వినగానే గౌరవింపదలచినవాడు, పుట్టుక విన్నపిదప నా గౌరవమును వెనుకకు దీసికొనవలెనన్నచో, తాను గౌరవించినది మనిషినా, మాటనా యని తన్ను దానే ప్రశ్నించుకొనవలసివచ్చును. ఆ ప్రశ్నను పుట్టించుటయే యా పేరు చేసిన గొప్ప మేలు.

వర్మగారు పేరు మార్చుకొని యూరకుండలేదు. 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, అక్షరజ్ఞానములేని జనులకు హరికథల ద్వారమున బోధచేయించిరి. 1911లో ఆ సంస్థయే మాన్యసంఘమను పేరు వహించెను. ఈ పేర్లను బరిశీలింపుడు. ఎవరూ మిత్రులుగ నెంచని జనులు తమ మండలికి జగన్మిత్రమని పేరిడిరి. లోకము మన్నింపని జనులు తమ సంఘమునకు మాన్యమని పేరిడిరి. పరులు తమకు నిరాకరించినదానినే తాము పేరుగ ధరించిరి. ఆ సంఘము మద్యపానమును మాన్పించుటకును, దేవదాసీ దురాచారమును రూపుమాపుటకును, బాలబాలికలకు విద్య గరపుటకును పాటుపడెను.

1917వ సంవత్సరము నవంబరు నెలలో బెజవాడయందు పంచమ మహాజనసభ జరిగెను. వర్మగారధ్యక్షులు. పంచమశబ్దము పురాణములలోగాని యితర హిందూ గ్రంథములలోగాని లేదనియు, ఈ జనులే యీ నేలకు మొదటివారనియు ఆయన వాదించిరి. ప్రతినిధులు పంచమనామమును త్రోసిపుచ్చి, ఆ సభ పేరునే ఆది ఆంధ్ర మహాజనసభగా మార్చిరి. పంచమసభగా గూర్చుండినవారు ఆది ఆంధ్రసభగా లేచిరనుట యతిశయోక్తి గాదు. అయిదవవారమని పరులనగా, మొదటివారమని మనవారు బదులుచెప్పిరి. 1922లో మద్రాసు ప్రభుత్వము శాసనసభ తీర్మానము ననుసరించి తన పత్రములలో పూర్వనామములకు మారుగ ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర నామముల నంగీకరించెను. 1931 నాటి జనాభాలెక్కలలో మద్రాసు రాజధానియందలి మాల మాదిగలలో దాదాపు మూడవవంతు మంది తమ్ము ఆది ఆంధ్రులుగ వ్రాయించుకొనిరి. గ్రామమున లెక్కలు వ్రాయువాడు ఎవడు, ఎవరియెదుట వ్రాయును అని యోచించినచో, ఆ యొక్కమాట పలుకుటకు ఎంత ధైర్యము కావలసెనో తెలియును.

నిజాము రాజ్యమున వర్మగారు ఆదిహిందూ నామమునకై పట్టుపట్టిరి. 1931 జనాభాలెక్కలలో ఆ ప్రభుత్వము ఆదిహిందూ నామము నంగీకరించెను. అదే సంవత్సరమున ఆయన భాగ్యనగర్ పత్రికను గూడ స్థాపించిరి. ఆయన స్థాపించిన పాఠశాలలు కాలక్రమమున 26 అయ్యెను; వానిలో సుమారు 2,500 మంది బాలబాలికలు చదువుకొనిరి. 1939వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన ఆయన పరమపదించునాటికి, ఆదిహిందువనుట సిగ్గుపడవలసిన మాటగా గాక తలయెత్తి చెప్పుకొనదగిన మాటగా నిలిచియుండెను. ప్రభుత్వకాగితమున మారిన పేరును పాఠశాలలో గూర్చుండిన పిల్లవాడు నిలబెట్టినాడు. రెండింటిలో నేది లోపించినను రెండవది కుంటుపడెడిది.

పేరు మాటున దాగినచో

అదే 1917వ సంవత్సరమున పశ్చిమభారతమున జరిగిన సంగతి యొకటి యిచట జెప్పవలసియున్నది. విదేశములలో ఉన్నతవిద్య నభ్యసించి వచ్చిన డాక్టరు భీమరావు అంబేద్కరుగారు బరోడా సంస్థానమున కొలువునకు వెళ్లిరి. ఆ నగరమున నాయనకు బస దొరకలేదు. పారసీకుల సత్రమొకటి యుండగా, అది పారసీకులకే పరిమితమగుటచే, నిర్వాహకుని సమ్మతితో పుస్తకమున పారసీక నామము వ్రాయించి యచ్చట దిగిరి. పదకొండవ దినమున పారసీకులు పలువురు కర్రలతో వచ్చి, ఆయన యెవరో నిలదీసి, ఆ సాయంకాలమునకే సత్రము విడిచి పోవలెనని శాసించిరి. ఆయన యెచ్చటను నీడ దొరకక, నగరోద్యానమున గూర్చుండి దుఃఖించి, రాత్రి బొంబాయి రైలెక్కిరి. ఈ వృత్తాంతమును ఆయనయే స్వయముగ వ్రాసియుంచిరి.

పది దినములు ఆ సత్రమున నుండిన మనుష్యుడును, పదకొండవ దినమున వెడలగొట్టబడిన మనుష్యుడును ఒక్కడే. ఆయన విద్య మారలేదు, నడవడి మారలేదు, అద్దె యిచ్చుట మానలేదు. మారినది వారికి దెలిసిన పేరు మాత్రమే. ఇందుండి రెండు సంగతులు నేర్చుకొనవలెను. మొదటిది, తీర్పు మనిషిని బట్టి గాక పేరును బట్టియే జరుగుచున్నదనుట. రెండవది, ఒంటరిగ మాటుగ బెట్టుకొన్న పేరు నీడనీయదనుట. బెజవాడలో మనవారు వేలకన్నుల యెదుట పేరు మార్చుకొనిరి. ఆ పేరు నిలిచినది. బరోడాలో నొక్క విద్వాంసుడు గతిలేక పేరు దాచుకొనవలసివచ్చెను. ఆ పేరు పది దినములకన్న నిలువలేదు. సంఘబలమనగా నిదియే.

దయతో బెట్టిన పేరును ఇట్లే పరీక్షింపవలెను. 1932, 1933 సంవత్సరములలో మహాత్మాగాంధీగారు హరిజన శబ్దమును దేశమంతట ప్రచారము చేసిరి. ఆయన హృదయమున సద్భావమే యుండెననుటలో సందేహము లేదు. అయినను మనవారిలో పెక్కురకు ఆ పేరు రుచింపలేదు. తమ్మడుగకయే తమకు బెట్టిన పేరని వారి యభ్యంతరము. 1938లో బొంబాయి శాసనసభయందు ఒక బిల్లులో ఈ శబ్దము చేర్చబడగా అంబేద్కరుగారును ఆయన పక్షమువారును సభనుండి వెలుపలికి వచ్చివేసిరి. 1935 నాటి భారతప్రభుత్వ చట్టము "షెడ్యూల్డు కులములు" అను పేరును దెచ్చినది. 1982లో కేంద్రప్రభుత్వము కులధ్రువపత్రములలో హరిజన శబ్దమును వాడరాదని యాదేశించినది. తియ్యని పేరైనను పరుల నోటినుండి వచ్చినచో అది వారి దయను దెలుపును. మన హక్కును దెలుపదు.

అందరి అనుభవము

ఈ బాధ మనకొక్కరికే పరిమితము కాదు. తమిళదేశమున తాళ్లెక్కువృత్తివారు దీర్ఘకాలము పోరాడి, 1921లో మద్రాసు ప్రభుత్వముచే నాడారులని వ్రాయించుకొనిరి. మన తెలుగునాట చాకలివారు రజకులనియు, మంగలివారు నాయీబ్రాహ్మణులనియు, కల్లుగీతవృత్తివారు గౌడులనియు గౌరవనామములతో సంఘములు నిర్మించుకొనిరి. వృత్తిలో దోషములేదు, వృత్తినామమును దిట్టుగ వాడినవారి నోటిలోనే దోషము.

సముద్రము దాటినపుడు అగ్రకులములవారును ఈ రుచి చూచిరి. బర్మాదేశమున తెలుగువారినందరిని "కోరంగీలు" అని పిలిచెడివారు. గోదావరి ముఖమున నున్న కోరంగి రేవునుండి యోడలెక్కి వెళ్లుటచే వచ్చిన పేరది. రేవు పేరుగ బుట్టిన యా మాట రంగూనులో గ్రమముగ దిట్టుగ మారినది. 1930 మే నెలలో రంగూను ఓడరేవున బర్మీయులకును తెలుగు కూలీలకును జరిగిన యల్లర్లలో పలువురు ప్రాణములు గోల్పోయిరి. కత్తి యెత్తినవాడు ఎదుటివాని కులమడుగలేదు. కోరంగీ యనుటయే చాలినది. దక్షిణాఫ్రికాకు 1860 మొదలు ఒప్పందపుకూలీలుగ వెళ్లిన మనవారిలో పెక్కు కుటుంబములు నాయుడను మాటను ఇంటిపేరుగ గైకొనినవి. ఇచ్చట నొక కులగౌరవమును దెలుపు మాట యచ్చట తెలుగువాడనుటకు గుర్తుగ మిగిలినది. ఒకే పేరు ఒక తీరమున నొక తీర్పును, మరియొక తీరమున మరియొక తీర్పును దెచ్చుచున్నచో, ఆ తీర్పు పేరులో లేదనియు, వినువాని యలవాటులో నున్నదనియు స్పష్టము.

పాతపేరునకు గ్రొత్త గౌరవము

భాగ్యరెడ్డివర్మగారిది పేరు మార్చుకొనిన మార్గము. దీనికి మారుగ రెండవ మార్గమొకటి మన తెలుగునాటనే పుట్టినది. అది పేరును మార్చక, ఆ పేరును వినువారి మనస్సును మార్చు మార్గము.

పాలకుర్తి వీరనారి యింటిపేరు చిట్యాల. తాను సాగుచేసిన భూమికై, పండించిన పంటకై విసునూరు దేశముఖు నెదిరించి 1940ల నాటి సాయుధపోరాటమున నిలిచిన యామెను జనులు చాకలి ఐలమ్మ యనియే పిలిచిరి. ఆమె 1985లో మరణించెను. గడీవారు చిన్నచూపుతో బలికిన యా వృత్తినామమే, 2024లో తెలంగాణ ప్రభుత్వ నిర్ణయము ననుసరించి హైదరాబాదు కోఠియందలి మహిళా విశ్వవిద్యాలయమునకు బేరైనది. అక్షరము లవియే; తీర్పు తలక్రిందులైనది. దానిని ద్రిప్పినది ఆమె సాహసము.

1994లో ప్రకాశము జిల్లా ఈదుముడి గ్రామమున మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినది. దాని నాయకులును కార్యకర్తలును తమ పేర్ల చివర మాదిగ శబ్దమును దామే చేర్చుకొనిరి. మంద కృష్ణ మాదిగగారి పేరు నేడు దేశమంతట దెలిసినదే. రెడ్డి, రావు, శర్మ యని చివర జేర్చుకొనుట కొందరికి సహజమైనచో, మాదిగ యని చేర్చుకొనుట మాకేల సహజము కాదని వారి ప్రశ్న. 2016లో ప్రసిద్ధ రచయిత కంచ ఐలయ్యగారు తమ గొల్లకురుమ వృత్తిని దెలుపు "షెపర్డ్" అను మాటను తమ పేరున జేర్చుకొనిరి. 1917లో మనవారు పరులు పెట్టిన పేరును విడిచిరి. 1994లో మనవారు తాతల పేరును మరల నెత్తికెత్తుకొనిరి. ఈ రెండును పరస్పరవిరుద్ధములని కొందరు తలంతురు. నాకట్లు తోచదు. రెండింటను "మా పేరును మేమే నిర్ణయింతుము" అను నొక్క మాటయే వినబడుచున్నది.

తీర్పు మారినదా?

ఇంతకాలమునకు లోకపు చెవి మారినదా యని ప్రశ్నించినచో, సంపూర్ణముగ మారలేదనియే చెప్పవలెను. 2005, 2006 సంవత్సరములలో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అను పండితులు మనదేశమున నొక పరీక్ష చేసిరి. పత్రికలలో ప్రకటింపబడిన 548 ప్రైవేటు ఉద్యోగములకు 4,808 దరఖాస్తులు పంపిరి. అందరి యోగ్యతలును సమానములే. పేరు మాత్రము కొన్నింట అగ్రకులమును, కొన్నింట దళితకులమును, కొన్నింట ముస్లిముమతమును సూచించుచుండెను. 2007లో వెలువడిన ఫలితము ప్రకారము, అగ్రకులపు పేరునకు పిలుపు వచ్చు పాలును 1గ నెంచినచో, దళితుని పేరునకు 0.67, ముస్లిము పేరునకు 0.33 మాత్రమే. అమెరికా దేశమున బోస్టను, చికాగో నగరములలో సుమారు 5,000 దరఖాస్తులతో నిట్టి పరీక్షయే జరిగి 2004లో ప్రకటింపబడినది. నల్లవారి పేర్లకన్న తెల్లవారి పేర్లకు పిలుపులు నూటికి 50 వంతులు హెచ్చుగ వచ్చినవి.

ఈ సంఖ్యలను నిదానముగ నాలోచింపుడు. ఆ దరఖాస్తులను ద్రోసివేసిన యుద్యోగులలో పెక్కురు తాము కులమును బాటింపమని ప్రమాణముచేసి చెప్పగలవారే. వారు చెడ్డవారు గానక్కరలేదు. చేతిలో గుట్టలుగ కాగితములుండగా, కన్ను మొట్టమొదట పేరుపై బడును. చేయి తెలియకయే యా కాగితమును ప్రక్కకు నెట్టును. త్రోసివేయబడిన బాలునకు మాత్రము కారణ మెన్నటికిని దెలియదు. తనలోనే యేదో లోపమున్నదని క్రుంగిపోవును. మన బిడ్డలలో నిట్లు క్రుంగినవా రెందరో!

నేరేడ్‌మెట్టునుండి నేర్వదగినది

ఈ మహాసభకు నేరేడ్‌మెట్ తగిన తావు. ఈ ప్రాంతమున నామములే పాఠములు చెప్పుచున్నవి. ఈ యూరిపేరున నేరేడును మెట్టయు వినవచ్చుచున్నవి. ప్రక్కనున్న సికిందరాబాదునకు మూడవ నిజాము సికందర్ జా పేర 1806లో నా పేరు వచ్చినది. తిరుమలగిరిని ఆంగ్లేయ దండువారు ట్రిమల్‌గెరీ యని తమ నోటికి దగినట్లు మార్చుకొనిరి. ఇక సైనికపురి, వాయుపురి, డిఫెన్సు కాలనీ యను వాడలు దేశసేవచేసిన సైనికుల పేర వెలసినవి. పూర్వగ్రామములలో వాడపేరు వినగానే పుట్టుక తెలిసెడిది. ఈ వాడల పేరు వినగానే చేసిన సేవ తెలియును. సైన్యమున హవల్దారు, సుబేదారు అను హోదా పేరునకు ముందు నడచును. అంబేద్కరుగారి తండ్రిని చరిత్ర సుబేదారు రామ్‌జీ యనియే యెరుగును. సంపాదించిన పేరు పుట్టిన పేరునకు ముందు నడువగలదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

కావున ఈ సభాముఖమున నాలుగు మనవులు చేయుచున్నాను. మొదటిది, పేరు పెట్టుకొను స్వేచ్ఛను గూర్చినది. మన బిడ్డలలో నొకడు కులనామమును పేరున ధరించినను, మరియొకడు విడిచినను, ఇరువురిని సమముగ గౌరవింతము. ఒకనిని గర్వియనియు, మరియొకనిని పిరికియనియు మనలో మనము తీర్పు చెప్పరాదు. రెండవది, పిలుపును గూర్చినది. మన వీధి నూడ్చు తల్లిని, మన యింట బనిచేయు పెద్దను "అమ్మా", "అయ్యా" యని పిలుచుట మన యింటినుండియే మొదలుకావలెను. పరులు మన పేరును గుదించిరని దుఃఖించు మనము, మనకన్న పేదవాని పేరును గుదింపరాదు. పెంటయ్య యను పేరు విని నవ్వు బాలునకు ఆ పేరు వెనుకనున్న తల్లి కథను జెప్పవలెను.

మూడవది, పోషకమహాశయులకు. విద్యార్థివేతనములకు వచ్చు దరఖాస్తులలో పేర్లను, ఊర్లను దొలగించి, సంఖ్యలను మాత్రమే యుంచి పరిశీలించు పద్ధతిని మన సంఘమే మొదట గైకొనవలెను. పరీక్షాపత్రములు దిద్దువానికి విద్యార్థి పేరు దెలియకుండ సంఖ్య వేయుట లోకమునకు గ్రొత్తకాదు. మనలో బంధువర్గములు, ఉపశాఖలు పేరులోనే తెలిసిపోవును; వానిని జూచి మనమే మొగ్గినచో, పరులను నిందించు నధికారము మనకుండదు. ఆ పద్ధతిని మనయందు నెలకొల్పి, అటుపిమ్మట మనవారు యజమానులుగనున్న యంగళ్లలో, కర్మాగారములలో, కార్యాలయములలో దానిని వ్యాపింపజేయవలెను.

నాల్గవది, యువకులకు. మీ తాతలు సభలో నిలిచి పేరు మార్చుకొని, జనాభాలెక్కలలో వ్రాయించుకొని, పాఠశాలలు పెట్టి దానిని నిలబెట్టిరి. ఆ పేరును మోయుట మీకు భారముగ దోచినపుడు, పది దినములు సత్రమున దాగి, పదకొండవ దినమున వెడలగొట్టబడిన మహనీయుడు తదనంతరము ఈ దేశపు రాజ్యాంగ రచనాసంఘమునకు అధ్యక్షుడయ్యెనని జ్ఞప్తికి దెచ్చుకొనుడు.  లోకమే ఆయన పేరును నేర్చుకొనవలసివచ్చెను.

తల్లిదండ్రులు పెట్టిన పేరునకు మీరు తెచ్చు పేరు తోడగుగాక! విని తీర్పు చెప్పువారికి వివేకమును, తీర్పు పొందువారికి ధైర్యమును సమృద్ధిగ గలుగుగాక!